నూరుడు బండ

నా పని చిన్నది.
ఎముకలు కడగడం, ఆరబెట్టడం,
సన్న కుంచెతో వాటి మీద నల్లసిరా అంకెలు వేయడం.
కందకం పేరు, పొర, లోతు, తేదీ.
చచ్చి నాలుగువేల ఏండ్లయిన ఎద్దుకు
నిన్నటి మధ్యాహ్నం తేదీ వేశాను.

మానేరులో కలిసే ఓ వాగు పక్కన
గుట్ట అడుగున తవ్వుతున్నాం.
ఊళ్లో ఈ చెలకను బూడిదదిబ్బ అంటారు,
ఎందుకంటారో అడిగితే నవ్వుతారు.
మూడడుగుల కింద నిజంగానే బూడిద.
పేడ కాలిన బూడిద, పొర మీద పొర,
పొయ్యి ఇప్పుడే ఆర్పి లేచినంత మెత్తగా.

కడిగిన ఎముకలు బడి మెట్ల మీద
పాత చీర పరిచి ఆరబెడతాను.
ఒక కుక్క వచ్చి దూరంగా కూర్చుంటుంది.
వాటికి వాసనే లేదు,
అయినా వస్తుంది రోజూ.

కూలికొచ్చిన కుర్మ ఓదెలు
రాతిగొడ్డలి బయటపడగానే చెప్పులిడిచాడు.
"పిడుగురాయి బిడ్డా.
మా తాత దొడ్లె పాతిపెట్టిండు, గొర్లకు రోగం రావద్దని."
ఇది మనిషి నూరిన రాయి అన్నారు సారు.
ఓదెలు సరేనన్నాడు.
చెప్పులు మాత్రం తొడుక్కోలేదు,
పొద్దుగూకే దాకా, మే నెల మట్టిలో.

నల్లరాయి. నా అరచేతి కంటే కొంచెం పొడుగు.
ఒక పక్క అంచు విరిగింది.
విరిగిన చోట మళ్లీ నూరారు,
ఆ కొత్త నునుపు కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది.
పారేయడానికి మనసొప్పని వాళ్లెవరో.

ఆ వారమే జల్లెడలో సగం దవడ.
గొర్రె లేక మేక, చిన్నది, అని రాసుకున్నాను.
ఓదెలు దాన్ని వెలుతురుకు పట్టాడు.
"గొర్రెపిల్ల. ఇంకా పాలపండ్లే.
ఎనకటి పన్ను ఇప్పుడిప్పుడే తలెత్తుతంది.
నాలుగు నెల్లుంటయి."
తిప్పి చూశాడు.
"ఇగో, మూడు గీతలు.
రెండుసార్లు కీలు తప్పింది, మూడోది దిగింది.
కోసినోడు కొత్తోడన్న అయ్యుండాలె,
లేకుంటే ఇష్టం లేక కోసిండు."
దవడ నా చేతిలో పెట్టి, పార అందుకుంటూ,
"నాలుగు నెల్ల పిల్లను ఎవడు కోస్తడు,
ఇంట్ల గింజలుంటే?"

నా కాగితంలో 'ఇతర వివరాలు' గడి
అగ్గిపెట్టె కంటే చిన్నది.
మూడు కోతగుర్తులు, అని రాశాను.
గింజల సంగతి పట్టలేదు.

రాత్రి వరండాలో ఉల్లిగడ్డ కోస్తూ
నా చేతినే చూస్తూ కూర్చున్నాను,
కత్తి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ జారుతుందో.

తవ్వకానికి పైన, గుట్ట మీద, ఒక చదును బండ.
దాని మీద పడవల్లాంటి గుంటలు, పదకొండు.
రాతిగొడ్డళ్లు నూరిన గుంటలని
సారు చెప్పారు, కొలిపించారు, ఫొటోలు తీశారు.
ఓదెలు మెల్లగా అన్నాడు,
"చిన్నప్పటిసంది కొడవలి ఈడనే నూరుత సారూ.
మా అవ్వ ఈడనే.
ఊరంత ఈడనే."
టేపు పట్టుకున్న పిల్లాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
లోతులో ఎంత ఎవరిదో
ఆ టేపుకు తెలిసే దారి లేదు.

మర్నాడు బండ చుట్టూ తాడు.
ముట్టరాదని రేకు బోర్డు.
అక్షరాలు నావే.

ఇవాళ పొద్దున్నే కుంచె పట్టుకుని గుట్టెక్కాను.
తాడు అట్లాగే ఉంది.
అయిదో గుంటలో బూడిదరంగు నీళ్లు,
చిక్కగా, ఇంకా ఆరకుండా.
అంచున ఒక గడ్డిపోచ.
కింద కందకంలో ఓదెలు అప్పుడే మట్టి ఎత్తుతున్నాడు,
నా వైపు చూడకుండా.

వేలు ముంచి వాసన చూశాను. ఇనుము.
నోట్‌బుక్ తెరిచి, తేదీ వేసి,
మూసేశాను.